తొంగున్నాడంటే తొంగున్నాడే

విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో స్టోర్సు చూసుకుంటూ నేను జుట్టు నెరిపించుకున్నాను. బేరింగులు, బెల్టులు, నూనె డబ్బాలు, బోల్టులు. ఇవీ నా ప్రజలు. అడిగితే పలకవు, తిడితే ఎదురు చెప్పవు. అలాంటి నన్ను ఒకసారి ఒక మనిషి ఉద్యోగం ఉండాలా ఊడాలా అని తేల్చే కుర్చీలో కూర్చోబెట్టారు. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీరు. మీకూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి కుర్చీ వేస్తారు. అందులో ఎలా కూర్చోకూడదో చెప్పే అర్హత నాకున్నంతగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

ముందు నా గొప్పలు చెప్పనివ్వండి. మాది రాజాం దగ్గర పల్లె. వరి, నువ్వులు, గోగు పండించే ఇల్లు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి తెలుగు ఎమ్మే పాసయ్యాను. మా అమ్మ "సెప్పు", "సూడు" అనే మనిషి. నేను కాలేజీలో అడుగుపెట్టిన నెలకే "చెప్పు", "చూడు" నేర్చుకుని, అమ్మ మాటని ఊళ్ళోనే వదిలేసి వచ్చాను. మిల్లులో అందరూ "ఏటి" అంటే నేను "ఏమిటి" అనేవాణ్ణి, అదీ కాస్త సాగదీసి. మిల్లు నియమాల్ని తెలుగు చేసి గేటు దగ్గర బోర్డు రాయించింది కూడా నేనే. "విధి నిర్వహణలో నిద్రించుట శిక్షార్హము" అన్న వాక్యం నా సొంతం. మధ్యాహ్నాలు ఆ బోర్డు నీడలో ఒక కుక్క హాయిగా నిద్రించేది. దానికి చదువు రాదు కాబట్టి బతికిపోయింది.

ఇక అసలు విషయం. ఆ పెద్ద తుఫాను వచ్చిన ఏడాది జరిగింది ఇది. కరెంటు స్తంభాలు ఇళ్ళ మీద, కొబ్బరి చెట్లు రోడ్ల మీద పడ్డాయి. పైకప్పు రేకులు ఎవరివి ఎవరి పొలాల్లో తేలాయో ఎవరికీ తెలియదు. మిల్లుకి మాత్రం గోనె సంచుల ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. జనరేటర్లు పెట్టి మగ్గాలు తిప్పడం మొదలుపెట్టారు. ఊళ్ళలో కరెంటు రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మగ్గాల విభాగంలో సర్దారు ఒక్క పెట్టున అరిచాడు. సర్దారంటే ఒక వరసలోని మగ్గాలన్నిటికీ పెద్ద. చుట్టూ ఉన్నవాళ్ళు మగ్గాలు ఆపేసి పరిగెత్తారు. చూస్తే, ఒక మగ్గం వెనక గోనె కట్టల దగ్గర దాన్ని నడిపే మనిషి అప్పుడే కళ్ళు తెరుస్తున్నాడు. యాభై దాటిన మనిషి, ఎవరి జోలికీ పోనివాడు. సర్దారుకి అతను స్వయానా అక్క మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. అరుపు విని హైదరాబాదులో చదువుకుని కొత్తగా చేరిన హెచ్చార్ ఆఫీసరు కూడా వచ్చాడు. ఆగిపోయిన మగ్గాల్ని చూశాడు, కళ్ళు నులుముకుంటూ లేస్తున్న మనిషిని చూశాడు. సాయంత్రానికల్లా ఆ మనిషిని సస్పెండు చేసి చార్జిషీటు చేతిలో పెట్టారు. అందులో నేరం నా వాక్యమే: విధి నిర్వహణలో నిద్రించుట. రుజువైతే ఉద్యోగం పోతుందని అందరికీ తెలుసు. ఆర్డర్లు నెత్తి మీదున్నప్పుడు ఒకర్ని ఇంటికి పంపితే మిగతావాళ్ళు మెలకువగా ఉంటారని మేనేజ్‌మెంటు ఆలోచన.

విచారణ చెయ్యడానికి వేరే విభాగం మనిషి కావాలి. మేనేజరు గారు నన్ను పిలిచారు. ఆయనది కలకత్తా. తెలుగు రాదు గానీ నాకు వచ్చని మాత్రం ఎవరో చెప్పారు. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

మొదటి రోజు సర్దారుని పిలిచాం. అరుపుకి ముందు చూసిన సాక్షి అతనొక్కడే. హెచ్చార్ కుర్రాడు మిల్లు తరఫున ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"మీరు వెళ్ళేసరికి ఇతను ఏం చేస్తున్నాడు?"

"తొంగున్నాడు బాబూ."

"అంటే నిద్రపోతున్నాడు. అంతేనా?"

"తొంగున్నాడండి."

కార్మికుడి తరఫున యూనియన్ లీడరు లేచాడు. గొంతు పెద్దది, పాయింటు దొరికితే ఇంకా పెద్దదవుతుంది. "అంటే నడుం వాల్సినాడు. నిద్ర మాట నువ్వు సెప్పలేదు. అవునా కాదా?"

"తొంగున్నాడన్నాను బాబూ."

నాకు చిర్రెత్తింది. "సరిగ్గా చెప్పవయ్యా. తొంగున్నాడు అంటే ఏమిటి?"

సర్దారు నా వైపు జాలిగా చూశాడు. "తొంగున్నాడంటే తొంగున్నాడే బాబూ. ఇంకేటుంటాది?"

అతని ఇబ్బంది ఇప్పుడు నాకు అర్థమవుతుంది. నిద్రపోయాడంటే అక్క కూడు పోతుంది. నిద్రపోలేదంటే, మరి ఎందుకరిచావని తన కూడు పోతుంది. రెంటికీ మధ్య నిలబడడానికి మన భాషలో ఒక్క మాటంత చోటు దొరికింది. ఆ మాట మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు పాపం. ఆ రోజు మాత్రం నాకు ఇదేదీ తట్టలేదు. మనిషి కనిపించలేదు, మాట కనిపించింది. తెలుగు ఎమ్మే చదివినందుకు ఇన్నాళ్ళకి ఒక అవకాశం వచ్చిందనుకున్నాను. "ఈ పదానికి అర్థం నిర్ణయించవలసి ఉన్నందున" అని టైపిస్టుకి చెప్పి, విచారణ వారం రోజులు వాయిదా వేశాను.

ఆ వారం నేను చెయ్యని పరిశోధన లేదు. ముందు మా ఆవిడని అడిగాను, "తొంగోడం అంటే ఏమిటి?" అని.

"ఆదోరం పూట మీరు సేసేదే," అంది.

"అది నిద్రా, ఉత్తినే పడుకోవడమా?"

"గురకెడితే నిద్ర. నాను సంతకెల్దామన్నప్పుడైతే ఉత్తినే పడుకోడం."

మర్నాడు ఇంటి ముందుకొచ్చిన చేపలమ్మిని ఆపాను. సముద్రం ఒడ్డు మనిషి. గంప దించకుండానే నా ప్రశ్న విని నవ్వింది. "మా మావ ఏటకెల్లొచ్చి ఇసకలో తొంగుంటాడు బాబూ. నిద్రో మెలకువో నానెల్లి కళ్ళిప్పి సూత్తానేటి? పన్లో లేడు, అంతే. సేప కొంతావా, నన్నెల్లమంతావా?"

టీ కొట్టు దగ్గర సాలూరు లారీ డ్రైవరు దొరికాడు. అతను చాలా స్పష్టంగా చెప్పాడు. "క్లీనరు తొంగోవచ్చు గురూగారూ. నాను తొంగుంటే బండి తొంగుంటాది."

అందరి మాటలూ ఒక చోట చేర్చి, పాత నిఘంటువులు ముందేసుకుని, కొవ్వొత్తి వెలుగులో కూర్చున్నాను. కునుకు అంటే ఏమిటి, తూగుకీ జోగుకీ తేడా ఏమిటి, మాగన్నులో మనిషికి చెవులు వినిపిస్తాయా, ఇలా ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాను. తొంగిచూడటానికీ తొంగోడానికీ ఏదో చుట్టరికం ఉండాలని కూడా అనిపించింది. ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి ఒక సిద్ధాంతం తయారైంది. నిద్ర కళ్ళకి సంబంధించింది, తొంగోడం నడుముకి సంబంధించింది. నడుం వాల్చితే చాలు, తొంగున్నట్టే. కళ్ళు మూశాడా లేదా అన్నది ఆ మాటలో లేదు. కాబట్టి సాక్షి చెప్పిన మాటని బట్టి నిద్ర రుజువు కాలేదు. ఇదీ నా తీర్పు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఎనిమిది పేజీలు రాశాను. కార్మికుడి మీద దయతో రాశాననుకోకండి. నా సిద్ధాంతం అటు తిరిగింది కాబట్టి అటు రాశాను. ఇటు తిరిగి ఉంటే ఇటు రాసేవాణ్ణి.

ఊరంతా తిరిగి తొంగోడం గురించి అడిగిన నేను ఆ వారంలో కలవని మనిషి ఒక్కడే. తొంగున్నవాడు.

తర్వాతి విచారణ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టాను. అది నా మొదటి తెలివితక్కువ పని. జనరేటరు కరెంటు మగ్గాలకే, ఆఫీసు గదుల్లో ఫ్యాను తిరగదు. వారం రోజులుగా కొవ్వొత్తులూ దోమలూ నిఘంటువులూ కలిసి నన్ను నిద్రపోనివ్వలేదు. దానికి తోడు ఆ పూట చేపల పులుసు. యూనియన్ లీడరు వాదన మొదలుపెట్టాడు. అతనికీ నా సిద్ధాంతం లాంటిదే తట్టింది. నడుం గురించి మాట్లాడుతున్నాడు. మగ్గం ముందు నిలబడి నిలబడి కార్మికుడి నడుం ఎలా అయిపోతుందో చెబుతున్నాడు. బాగుంది, నా దారిలోనే వస్తున్నాడు అనుకుని కుర్చీలో కాస్త వెనక్కి వాలాను. దూరంగా మగ్గాల చప్పుడు వానలాగా వినిపిస్తోంది.

ఏదో ఠంగుమంది. కళ్ళు తెరిచాను. నా మోచేయి తగిలి నీళ్ళ గ్లాసు కింద పడింది. లీడరు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. టైపిస్టు వేళ్ళు అక్షరాల మీద ఆగిపోయాయి. హెచ్చార్ కుర్రాడు పెదవి కొరుక్కుంటున్నాడు. ఎంతసేపటినుంచి వాళ్ళు నన్ను అలా చూస్తున్నారో తెలియదు. అప్పుడు నా నోట్లోంచి, నన్నడక్కుండా, ఒక మాట వచ్చేసింది.

"ఓలమ్మా! తొంగుండిపోనానేటి?"

అచ్చం మా అమ్మ గొంతు. ఆ మిల్లులో ఎవరూ నా నోట ఎప్పుడూ వినని యాస. టైపిస్టు మెల్లిగా, "రాయమంటారా సార్?" అన్నాడు.

హెచ్చార్ కుర్రాడు ముందుగా తేరుకున్నాడు. తెలివైనవాడే. "సార్, మీరు నడుం వాల్చలేదు. కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. అయినా తొంగున్నాను అన్నారు. అంటే తొంగోడమంటే నిద్రే. సాక్షి చెప్పిందీ అదే. ఇక రుజువైనట్టే కదా?"

నా ఎనిమిది పేజీల సిద్ధాంతం నా ఒక్క మాటతో కూలిపోయింది. పోనీ దానితో పాటు నేను ఒక్కణ్ణే కూలితే బాగుండేది. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ఉద్యోగం కూడా కూలేలా ఉంది.

లీడరు గొంతు మామూలుకంటే పెద్దదైంది. "అలగే బాబూ! తొంగోడమంటే నిద్రే అనుకుందాం. మరి డ్యూటీలో నిద్రపోయినందుకు ఈ బాబుకి కూడా సార్జిసీటు ఇస్తారా? గేటుకాడ బోర్డు ఈ బాబు రాయించిందే. రుజువు మీరే సెప్పీసేరు. సాచ్చులం ఇంతమందిమి ఉన్నాం!"

కుర్రాడు చార్జిషీటు తిరగేశాడు. నా కొత్త చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒకే మాట. అటు తిప్పితే ఇద్దరం నేరస్థులం, ఇటు తిప్పితే ఇద్దరం నిర్దోషులం. అతని ఉద్యోగాన్నీ నా ఉద్యోగాన్నీ కలిపి ముడేసి లీడరు విజయగర్వంతో నిలబడ్డాడు. ఇంకొంచెం లాగితే నా దయతో అతను బయటపడతాడు, అతని దయతో నేను బయటపడతాను. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఏర్పాటు బాగానే ఉందనిపించింది.

అంతవరకూ నోరెత్తని మనిషి అప్పుడు మాట్లాడాడు.

"ఆపండి బాబూ. ఆ బాబుని ఏటీ అనకండి. ఈ నెల్లాల్లూ ఈ జిల్లాలో కంటినిండా నిద్రపోనోడు ఎవుడున్నాడు?"

లీడరు కంగారుపడ్డాడు. "నువ్వూరుకో. నోరిప్పొద్దని సెప్పేనా?"

"ఊరుకుంటే ఎలాగ, అన్నా? మీరు నడుం అంతన్నారు, ఆళ్ళేమో కళ్ళు అంతన్నారు. నన్నెవులూ అడగలేదు. నాను నిద్రపోనాను బాబూ. అబద్దమాడి మల్లా ఆ మగ్గం కాడికి ఏ మొకమెట్టుకుని ఎల్తాను? కానీ తొంగోలేదు. గోని కట్టకి సేరబడి కూకున్నాను. ఎప్పుడు నిద్దరట్టీసిందో నాకే తెలీదు."

"మరి ఎందుకలా…" అని ఏదో అనబోయాను. ప్రశ్న పూర్తి చెయ్యడం కూడా చేతకాలేదు. అతనే అందుకున్నాడు.

"ఇల్లెగిరిపోనాది బాబూ. బడి వరండాలో ఉంతన్నాం, నాలుగిళ్ళోల్లం. గచ్చంతా సెమ్మ. నా మనవరాలికి ఆయాసం. ఆ సిన్న గుంటని తడి నేల మీద తొంగోబెడితే ఊపిరాడదు. అందుకని రాత్రల్లా నాను గోడకి సేరబడి కూకుంటాను. అది నా గుండెల మీద తొంగుంటాది. కదిలితే లెగిసి దగ్గుతాది. అది తొంగుంటాది గానీ నాను తొంగోను. తెల్లారి ఇంటికాడ సూరు పనీ గోడ పనీ, ఆ మీదట మిల్లు." కట్టుకున్న చేతులు విప్పాడు. "నడుం వాల్సడం ఎలగుంటాదో మర్సిపోనాను బాబూ."

తలుపు దగ్గరున్న సర్దారు ఒక్కసారిగా భోరుమన్నాడు. "నిన్ను పట్టించడానికి అరవలేదు బావా! కుదిపినా లెగలేదు నువ్వు. సచ్చిపోనావనుకున్నాను. అక్కకేటి సెప్పాలో తెలీక అరిసాను. అరుపుకి ఈ బాబొచ్చీసేరు."

"తెలుసురా," అన్నాడు ఆ మనిషి. "అందుకే గదా నీ మీద నాను ఏటీ అనలేదు."

కుర్రాడు తన కాగితాలు దగ్గరగా లాక్కుని, "నాకింకేం ప్రశ్నల్లేవు సార్," అన్నాడు. లీడరు కూడా కూర్చున్నాడు. అతను వాదన మధ్యలో కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు మాత్రం కూర్చున్న చోట ముళ్ళు గుచ్చుకుంటున్నట్టు ఉంది. కారణం నా నడుముకే వేలాడుతోంది. తాళాల గుత్తి. గేటు పక్కన తయారైన సంచులు పెట్టే పెద్ద గోడౌను నా అధీనంలోదే. తుఫానుకి ముందే సరుకంతా లారీలెక్కి పోయింది, ఆ తర్వాత తయారైంది తయారైనట్టే పోతోంది. ఒక్క రేకు లేవలేదు, ఒక్క చుక్క కారలేదు. పొడి గచ్చు. పరుచుకోవడానికి పాత గోనెపట్టాలు ఒక మూల గుట్టగా ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఆ తాళం తీసి, లోపల ఏమీ లేదని చూసుకుని, మళ్ళీ తాళం వేసి, తొంగోడానికి అర్థం వెతకడానికి వెళ్ళేవాణ్ణి.

ఎనిమిది పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. రిపోర్టు ఒక్క పేజీలో రాశాను. నిద్రపోయాడు, ఒప్పుకున్నాడు, కారణం ఇది, హెచ్చరిక చాలు. కింద ఇంకో వాక్యం రాశాను: విచారణలో నేనూ నిద్రపోయాను. ఇదేదో నిజాయితీ అని మోసపోకండి. టైపిస్టు విన్నాడు, మిల్లంతా ఎలాగూ వింటుంది.

మేనేజరు గారికి చదివి వినిపించడానికి హెచ్చార్ కుర్రాడు కూడా నాతో వచ్చాడు. రమ్మని నేను అడగలేదు. ఆయన హిందీలో అడిగారు.

"అతను నిద్రపోయాడా, లేదా?"

"పోయాడు సార్."

"మీరు?"

"నేనూ పోయాను సార్."

"ఈ మాటకి అర్థం తేల్చడానికి మీరు వారం రోజులు వాయిదా అడిగారట. తేలిందా?"

"తేలలేదు సార్."

ఆయన కాగితం పక్కన పెట్టారు. ఇతన్ని వదిలేస్తే రేపు ప్రతివాడూ ఏదో ఒక కథ చెబుతాడు కదా అన్నారు. అప్పుడు ఆ కుర్రాడు, చార్జిషీటు రాసిన ఆ కుర్రాడే, "కథ కాదు సార్, ఇందాక నేను బడి దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాను," అన్నాడు. నేను గోడౌను సంగతి ఎత్తాను. మళ్ళీ సరుకు నిలవ పెట్టాల్సి వచ్చేదాకా మన మిల్లు వాళ్ళ కుటుంబాల్ని అందులో ఉండనిస్తే, వచ్చే షిఫ్టులో నిద్రపోయేవాళ్ళు తగ్గుతారని ఆయనకి అర్థమయ్యే లెక్కలో చెప్పాను. జాలి కన్నా ఆ లెక్కే పనిచేసిందని నా అనుమానం. ఏదైతేనేం, సంతకం పెట్టారు. అతనికి కాగితం మీద హెచ్చరిక, నాకు నోటితో హెచ్చరిక. నాది పొడుగ్గా సాగింది.

మర్నాడే అతను మగ్గం దగ్గరికి వచ్చాడు. నేను నడిచిన దారిలోనల్లా "బాబూ, తొంగున్నారేటి?" అన్న పలకరింపులు మొదలయ్యాయి. మొదట్లో మండిపోయేది. తర్వాత, "లేదురా, ఇంకా తొంగోలేదు," అని అదే యాసలో జవాబు చెప్పడం అలవాటైంది. ఎమ్మేకి వచ్చిన నష్టమేమీ కనిపించలేదు.

గోడౌనులో నాలుగు కుటుంబాలు దిగాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం, అధికారి కదా, అంతా సవ్యంగా ఉందో లేదో చూద్దామని బయల్దేరాను. వాకిట్లో చిన్నా పెద్దా చెప్పులు వరసగా ఉంటే, ఎందుకో నేను కూడా నావి విప్పాను. లోపల చీకటిగా, చల్లగా ఉంది. గోనెపట్టాల మీద ఆ మనిషి కాళ్ళు బారజాపుకుని, రెండు చేతులూ చెరో పక్కకి పారేసి ఉన్నాడు. పక్కన ఇంకో పట్టా మీద మనవరాలు. ఊపిరి మెత్తగా వస్తోంది. "ఏం, అంతా బాగానే…" అని నేను గొంతు విప్పానో లేదో, అతని భార్య చేట కింద పెట్టి గబగబా వచ్చింది. నోటికి వేలు అడ్డం పెట్టింది.

"మాటాడకండి బాబూ. ఇప్పుడే ఇద్దరూ కళ్ళు మూసేరు. మీకేటన్నా పనుంటే సాయంకాలం రండి."

"సరేనమ్మా," అన్నాను. అంటే, పెదాలు కదిపాను. గుత్తిలోని తాళాలు మోగుతాయేమోనని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. చెప్పులు తొడుక్కుంటే చప్పుడవుతుందని వాటిని ఇంకో చేత్తో తీసుకుని, నా గోడౌనులోంచి నేనే దొంగలా మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వచ్చేశాను.